కరెంటు బస్సులో జీరో టికెట్ చెల్లుతుందా? మహాలక్ష్మి ప్రయాణికులు తెలుసుకోవాల్సిన విషయాలు

మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో ఉచితంగా ప్రయాణించే మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్ల కోసం ఈ పాఠం తయారు చేశాం. ముఖ్యంగా హైదరాబాద్‌లో రోజూ బస్సెక్కేవాళ్ల కోసం, జిల్లాల నుంచి పని మీద నగరానికి వచ్చి సిటీ బస్సులు మారేవాళ్ల కోసం. ఒకసారి నిదానంగా చదవండి. చదవడం రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే చదివి వినిపించండి.

నగరంలో డీజిల్ బస్సుల స్థానంలో కరెంటు బస్సులు వస్తున్నాయి. కొత్త బస్సు చూడగానే చాలామందికి ఒకటే అనుమానం: "ఇందులో మనకు ఫ్రీ ఉంటదా, ఉండదా?" కొందరు ఉంటుందనుకుని ఎక్కి, కండక్టర్ టికెట్ అడిగేసరికి ఇబ్బంది పడుతున్నారు. ఇంకొందరు ఉండదనుకుని, ఫ్రీగా ఎక్కగలిగిన బస్సును వదిలేసి ఎండలో నిలబడుతున్నారు. రెండూ నష్టమే. మొదటిదాంట్లో పైసలు పోతాయి, రెండోదాంట్లో పనికి ఆలస్యమై సగం రోజు కూలి పోతుంది.

1. ముందు అసలు జవాబు

బస్సు కరెంటుతో నడుస్తుందా, డీజిల్‌తో నడుస్తుందా అన్నదాన్ని బట్టి ఉచితం ఉండదు. అది ఏ రకం సర్వీసు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మహాలక్ష్మి ఉచిత ప్రయాణం 2023 డిసెంబర్ 9న మొదలైంది. జిల్లాల్లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులకు, హైదరాబాద్‌లో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకు ఇది వర్తిస్తుంది. ఈ రకాల్లో నడిచే బస్సు కరెంటుదైనా జీరో టికెట్ ఇవ్వాల్సిందే. ఈ రకాల్లో లేని బస్సు డీజిల్‌దైనా, కరెంటుదైనా, పాతదైనా, కొత్తదైనా టికెట్ కొనాల్సిందే.

ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం పాఠం అయిపోయినట్టే. మిగతా సగంలో బస్సును ఎట్లా గుర్తుపట్టాలి, ఈ మార్పు ఎందుకు జరుగుతోంది, అందులో మీరు అడగాల్సింది ఏమిటి అన్నది చెప్తాం.

2. "కరెంటు బస్సంటే టికెట్ బస్సే" అనే మాట ఎందుకు పుట్టింది?

ఊరికే పుట్టలేదు. దానికో కారణం ఉంది.

హైదరాబాద్‌లో మొదటి కరెంటు బస్సులు 2019 మార్చిలో వచ్చాయి. మొత్తం 40. అన్నీ ఏసీవే. శంషాబాద్ విమానాశ్రయానికి నడిచే పుష్పక్ సర్వీసుల్లో వాటిని పెట్టారు. సూట్‌కేసులతో వెళ్లే ప్రయాణికులే వాటిలో ఎక్కువ. తర్వాత 2023 సెప్టెంబర్‌లో 'గ్రీన్ మెట్రో లగ్జరీ' పేరుతో 25 కరెంటు బస్సులు నగరం రోడ్ల మీదికి వచ్చాయి. అవి కూడా ఏసీవే. అదే ఏడాది మే నెలలో విజయవాడ రూట్‌లో మొదలైన ఈ-గరుడ బస్సులదీ అదే కథ.

అంటే దాదాపు 5 ఏళ్లపాటు నగరంలో జనం చూసిన కరెంటు బస్సులన్నీ ఏసీవి, టికెట్ ధర ఎక్కువున్నవి. అందుకే ఆకుపచ్చ రంగు, శబ్దం లేని ఇంజను కనిపిస్తే "అది మనది కాదు" అనే అలవాటు పడింది.

2024 మార్చి 12న ఆ పరిస్థితి మారింది. ఆ రోజు నెక్లెస్ రోడ్డులో 22 నాన్-ఏసీ కరెంటు బస్సులను ప్రారంభించారు. అవి మెట్రో ఎక్స్‌ప్రెస్ సర్వీసులు. మహాలక్ష్మి వాటికి వర్తిస్తుందని అప్పుడే చెప్పారు. ఆ తర్వాత సంఖ్య పెరుగుతూ వచ్చింది. 2025 అక్టోబర్ నాటికి నగరంలో 265 కరెంటు బస్సులు తిరుగుతున్నట్టు ఆర్టీసీ తెలిపింది. బస్సులు మారాయి గానీ మన మనసులో పాత లెక్కే ఉండిపోయింది.

3. ఏది ఉచితం, ఏది కాదు?

ఉచితం ఉన్నవి (జీరో టికెట్ తీసుకోవాలి):
• సిటీ ఆర్డినరీ – డీజిల్ అయినా, కరెంటు అయినా
• మెట్రో ఎక్స్‌ప్రెస్ – డీజిల్ అయినా, కరెంటు అయినా
• జిల్లాల్లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్
• పక్క రాష్ట్రాలకు వెళ్లే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ సరిహద్దు దాకా. సరిహద్దు దాటాక టికెట్ కొనాలి.

టికెట్ కొనాల్సినవి:
• మెట్రో డీలక్స్ (ఏసీ లేకపోయినా టికెట్ ఉంటుంది, ఇక్కడే చాలామంది పొరపడతారు)
• మెట్రో లగ్జరీ, ఈ-మెట్రో ఏసీ
• విమానాశ్రయానికి వెళ్లే పుష్పక్
• సూపర్ లగ్జరీ, గరుడ, ఈ-గరుడ. కరీంనగర్, నిజామాబాద్ వైపు నడిచే కరెంటు సూపర్ లగ్జరీ బస్సులు కూడా ఈ కోవలోవే.

4. ఎక్కే ముందు ఎట్లా గుర్తుపట్టాలి?

రంగు చూసి నిర్ణయించుకోవద్దు. ఆకుపచ్చ బస్సుల్లో ఉచితం ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. కింది మూడు గుర్తులు చూడండి.

మొదటిది బోర్డు. బస్సు ముందు అద్దం పైన రూట్ నంబరు, ఊరి పేరుతో పాటు సర్వీసు పేరు రాసి ఉంటుంది. 'ఆర్డినరీ' అనో 'మెట్రో ఎక్స్‌ప్రెస్' అనో ఉంటే ఎక్కండి. 'డీలక్స్', 'లగ్జరీ', 'ఏసీ' అనే మాటల్లో ఏది కనిపించినా అది టికెట్ బస్సు. 'మెట్రో' అన్న మాట ఒక్కటే చూసి ఎక్కొద్దు. మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో ఫ్రీ, మెట్రో డీలక్స్‌లో టికెట్. వెనక మాట దాకా చదవాలి.

రెండోది కిటికీ. కిటికీ అద్దాలన్నీ మూసి ఉంటే అది ఏసీ బస్సు అయ్యే అవకాశం ఎక్కువ. ప్రయాణికులు కిటికీలు తెరుచుకుని కూర్చుంటే నాన్-ఏసీ. అయితే మెట్రో డీలక్స్‌తో ఇక్కడ తికమక రావచ్చు కాబట్టి బోర్డు కూడా చూడాలి.

మూడోది మాట. "సార్, ఇందులో మహాలక్ష్మి ఉందా?" అని తలుపు దగ్గరే అడగండి. అడగడం నామోషీ కాదు. కండక్టర్ చెప్పిన జవాబు విన్నాకే ఎక్కండి.

పొరపాటున టికెట్ బస్సు ఎక్కారనుకోండి. భయపడి మూలకు కూర్చోవద్దు. వెంటనే కండక్టర్‌తో చెప్పండి. ప్రయాణం కొనసాగించాలంటే టికెట్ తీసుకోండి, వద్దనుకుంటే తర్వాతి స్టాపు దాకా టికెట్ తీసుకుని దిగిపోండి. టికెట్ లేకుండా తనిఖీలో దొరికితే జరిమానా పడుతుంది.

5. ఫ్రీయే కదా, టికెట్ ఎందుకు?

ఇది చాలామంది అడిగే ప్రశ్న. మీకు ఉచితం గానీ, ఆ ప్రయాణం ఆర్టీసీకి ఉచితం కాదు. కరెంటుకో డీజిల్‌కో, డ్రైవర్ జీతానికో, టైర్లకో ఖర్చవుతూనే ఉంటుంది. మీరు తీసుకునే జీరో టికెట్ మీద మీరు కట్టేది సున్నా అని ఉంటుంది. కానీ ఆ ప్రయాణానికి అసలు ఛార్జీ ఎంతో మిషన్‌లో లెక్క నమోదవుతుంది. ఆ సొమ్మును ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి. 2025 జులై నాటికి ఇలాంటి జీరో టికెట్లు 200 కోట్లు దాటాయి. వాటి విలువ రూ.6,680 కోట్లని ప్రభుత్వం ప్రకటించింది.

మీరు టికెట్ తీసుకోకపోతే ఆ ప్రయాణం లెక్కలోకే రాదు. ఆర్టీసీకి రావాల్సిన పైసలు రావు. ఇంకో నష్టం కూడా ఉంది, అది మీకే. మీ రూట్‌లో పొద్దున 7 గంటల బస్సులో నిజంగా 80 మంది ఎక్కుతున్నారనుకోండి, మిషన్‌లో 50 మందే కనబడితే, ఆ రూట్‌కు అదనపు బస్సు కావాలని అడగడానికి ఆధారం ఉండదు. మీ చేతిలోని ఆ చిన్న కాగితం ముక్కే మీ రూట్ తరఫున సాక్ష్యం.

అందుకే:
• ఎక్కగానే జీరో టికెట్ అడిగి తీసుకోండి. అది లేకుండా తనిఖీలో దొరికితే రూ.500 జరిమానా అని ఆర్టీసీ ఇదివరకే ప్రకటించింది.
• ఎక్కడ దిగుతారో ఆ స్టాపు పేరే చెప్పండి.
• తెలంగాణ చిరునామా ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి చెల్లుతాయి. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి అది చెల్లదు. జిరాక్సు కాపీ, ఫోనులో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు.
• ఆధార్‌లో చిన్నప్పటి ఫొటో ఉండి ముఖం పోల్చడం కష్టంగా ఉంటే ఆధార్ కేంద్రంలో కొత్త ఫొటో వేయించుకోండి.

6. ఉన్న డీజిల్ బస్సులు బాగానే నడుస్తున్నాయి కదా, మార్చడం ఎందుకు?

మూడు కారణాలు.

ఒకటి, బస్సుల వయసు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ కొనసాగించకూడదని కేంద్రం నిబంధన తెచ్చింది. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆర్టీసీ బస్సులకూ అది వర్తిస్తుంది. పాత బస్సులు ఎట్లాగూ పక్కకు వెళ్లాలి. వాటి స్థానంలో ఏం కొనాలన్నదే ప్రశ్న.

రెండు, రోజువారీ ఖర్చు. చేతి లెక్క ఒకటి వేసి చూద్దాం. ఒక సిటీ బస్సు రోజుకు 200 కిలోమీటర్లు తిరుగుతుందనుకుందాం. లీటరుకు 5 కిలోమీటర్లు ఇచ్చే డీజిల్ బస్సుకు 40 లీటర్లు కావాలి. లీటరు రూ.95 చొప్పున రూ.3,800. అదే దూరానికి కరెంటు బస్సు కిలోమీటరుకు ఒకటింపావు యూనిట్ చొప్పున 250 యూనిట్లు తింటుంది. యూనిట్ రూ.6 చొప్పున రూ.1,500. ఒక్క బస్సు మీద ఒక్క రోజుకు రూ.2,300 తేడా. ఇది అర్థం కావడానికి వేసిన లెక్క. ఏసీ ఉంటే, ట్రాఫిక్ ఎక్కువుంటే అంకెలు మారతాయి గానీ తేడా మాత్రం ఇదే తీరులో ఉంటుంది.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. డీజిల్ బస్సు సుమారు 40 లక్షల్లోపు వస్తే, 12 మీటర్ల కరెంటు బస్సు కోటి రూపాయలు దాటుతుంది. నడపడం చవక, కొనడం ఖరీదు. అందుకే ఆర్టీసీ వీటిని నేరుగా కొనకుండా వేరే పద్ధతి పెట్టుకుంది. దాని గురించి తర్వాతి భాగంలో చెప్తాం.

మూడు, పొగ. డీజిల్ బస్సు వెనక స్టాపులో నిలబడేది ఎవరు? కారులో అద్దాలు ఎత్తుకుని కూర్చునేవాళ్లు కాదు. రోజూ రెండు పూటలా బస్టాపులో గంటసేపు నిలబడే మీరే, మీ చంకలోని పిల్లలే. కరెంటు బస్సుకు పొగ గొట్టమే ఉండదు. మన రాష్ట్రంలో కరెంటు ఎక్కువ భాగం బొగ్గుతోనే తయారవుతోంది కాబట్టి కాలుష్యం మొత్తానికే పోయిందని చెప్పలేం. బొగ్గు కాలేచోట పొగ ఉంటుంది. కానీ జనం కిక్కిరిసి నిలబడే చౌరస్తాల్లో, ముక్కుకు దగ్గరగా వచ్చే పొగ మాత్రం పోతుంది. సోలార్ కరెంటు పెరిగేకొద్దీ మిగతాది కూడా తగ్గుతుంది.

7. బస్సు ఎవరిది? డ్రైవర్ ఎవరు? కండక్టర్ ఎవరు?

ఇప్పుడు నడుస్తున్న కరెంటు బస్సుల్లో ఎక్కువ శాతం అద్దె ఒప్పందం మీద నడిచేవే. బస్సు కంపెనీది. డ్రైవర్‌ను పెట్టేది, రిపేర్లు చేసేది, బ్యాటరీ చూసుకునేది కంపెనీయే. కండక్టర్ ఆర్టీసీ మనిషి. ఏ రూట్‌లో, ఏ టైముకు, ఏ స్టాపుల్లో ఆగుతూ నడపాలో చెప్పేది ఆర్టీసీ. టికెట్ల మీద వచ్చే సొమ్మంతా ఆర్టీసీకే వెళ్తుంది. కంపెనీకి ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని లెక్కగట్టి చెల్లిస్తుంది. కేంద్రం ఇచ్చే సబ్సిడీ బస్సు ఖరీదు భారాన్ని కొంత తగ్గిస్తుంది.

ఈ విషయం మీకెందుకు చెప్తున్నామంటే, దీంట్లో మీకు పనికొచ్చే పాయింటు ఒకటుంది. కంపెనీకి డబ్బు వచ్చేది తిరిగిన కిలోమీటర్లకు. ఎక్కినవాళ్లు టికెట్ కొన్నారా, జీరో టికెట్ తీసుకున్నారా అన్నదానితో దానికి సంబంధం లేదు. కాబట్టి "ఫ్రీ వాళ్లు ఎక్కితే కంపెనీకి నష్టం" అని ఎవరైనా అంటే అది నిజం కాదు. ఆడవాళ్లు మాత్రమే నిలబడి ఉన్నారని స్టాపులో ఆపకుండా వెళ్లిపోవడానికి ఏ డ్రైవర్‌కూ కారణం లేదు, హక్కు అంతకన్నా లేదు.

కరెంటు బస్సులను ఆర్టీసీయే సొంతంగా కొని, సొంత డ్రైవర్లతో నడపాలని కార్మిక సంఘాలు అడుగుతున్నాయి. అది సంస్థకు, సంఘాలకు, ప్రభుత్వానికి మధ్య తేలాల్సిన విషయం. ఏది తేలినా మీ జీరో టికెట్ మారదు. బస్సు యజమాని ఎవరైనా సర్వీసు రకమే లెక్క.

8. ఛార్జింగ్ సంగతి: మధ్యాహ్నం బస్సు ఎందుకు కనబడదు?

కరెంటు బస్సు ఒకసారి నిండా ఛార్జింగ్ చేస్తే సుమారు 200 కిలోమీటర్లు నడుస్తుంది. రాత్రి డిపోలో వరుసగా నిలబెట్టి ఛార్జింగ్ పెడతారు. రెండు షిఫ్టులు నడిచే బస్సు అయితే రద్దీ తక్కువుండే మధ్యాహ్నం పూట మళ్లీ కాసేపు డిపోకు వెళ్లి ఛార్జింగ్ పెట్టుకుని వస్తుంది. డీజిల్ పోయించుకోవడం నిమిషాల పని, ఛార్జింగ్‌కు మాత్రం సమయం పడుతుంది. అందుకని మధ్యాహ్నం మీ రూట్‌లో బస్సుల మధ్య ఎడం కొంచెం పెరగవచ్చు. ఆస్పత్రికో, పింఛను పనికో మధ్యాహ్నం వెళ్లేవాళ్లు డిపోలో టైమింగులు ఒకసారి కనుక్కుని పెట్టుకుంటే మంచిది.

ఇంట్లో ఫోను ఛార్జింగ్ పెట్టినట్టు బస్సుకు మామూలు లైను సరిపోదు. ఒక్కో బస్సు రోజుకు 250 యూనిట్లు తింటే, 100 బస్సులున్న డిపోకు రోజుకు 25,000 యూనిట్లు కావాలి. దానికి పెద్ద ఫ్యాక్టరీకి వేసినట్టు హెచ్‌టీ లైను, ట్రాన్స్‌ఫార్మర్లు, ఛార్జర్లు కావాలి. బస్సులు వచ్చి, లైను రాకపోతే అవి షెడ్డులోనే ఉంటాయి. చైనాలోని షెన్‌జెన్ నగరం 2017 చివరికల్లా 16,000 పైచిలుకు బస్సులన్నింటినీ కరెంటుకు మార్చింది. అక్కడ బస్సులతో పాటే ఛార్జింగ్ ఏర్పాట్లు కూడా పెంచుకుంటూ పోయారు. కాబట్టి ఇంత పెద్ద నగరంలో ఇది అయ్యే పనేనా అంటే, అయ్యే పనే. కాకపోతే డిపోల్లో పని ముందు జరగాలి.

9. మరి ఛార్జీలు ఎందుకు పెరిగాయి?

డిపోల్లో జరగాల్సిన ఆ పనికే. ఔటర్ రింగ్ రోడ్డు లోపల తిరిగే డీజిల్ బస్సుల స్థానంలో దశలవారీగా 2,800 కరెంటు బస్సులు తేవాలని, అందుకోసం కొత్త డిపోలు, ఛార్జింగ్ కేంద్రాలకు రూ.392 కోట్లు అవసరమని ఆర్టీసీ తెలిపింది. ఆ ఖర్చు కోసం 2025 అక్టోబర్ 6 నుంచి నగరంలో టికెట్ మీద అదనపు ఛార్జీ పెట్టింది.

• సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఈ-ఆర్డినరీ, ఈ-ఎక్స్‌ప్రెస్: మొదటి 3 స్టేజీలకు రూ.5, నాలుగో స్టేజీ నుంచి రూ.10 అదనం.
• మెట్రో డీలక్స్, ఈ-మెట్రో ఏసీ: మొదటి స్టేజీకి రూ.5, రెండో స్టేజీ నుంచి రూ.10 అదనం.

జీరో టికెట్ తీసుకునేవాళ్ల చేతి నుంచి ఇందులో ఒక్క రూపాయి కూడా పోదు. కానీ మీ ఇంటి నుంచి పోతుంది. మీ ఆయనో, కొడుకో రోజూ 4 స్టేజీలు దాటి పనికి వెళ్లి వస్తే రానుపోను రూ.20. నెలకు 25 పని దినాలు వేసుకుంటే రూ.500. ఇది చిన్న మొత్తం కాదు. అందుకే ఆ పైసలు దేనికోసం వసూలవుతున్నాయో మీకు తెలిసి ఉండాలి. మీ దగ్గర్లోని డిపోలో ఛార్జింగ్ పనులు ఎంతవరకు వచ్చాయి, మీ రూట్‌కు బస్సులు ఎప్పుడొస్తాయి అని అడగడం మీ హక్కు. టికెట్ కొనేవాళ్లకెంత హక్కు ఉందో, జీరో టికెట్ వాళ్లకూ అంతే ఉంది.

10. ముందు ముందు ఏం గమనించాలి?

కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో పీఎం ఈ-డ్రైవ్ పథకాన్ని ఆమోదించింది. జనాభా 40 లక్షలు దాటిన 9 పెద్ద నగరాల కోసం అందులో 14,028 కరెంటు బస్సులు ఉన్నాయి. హైదరాబాద్‌కు 2,000 బస్సులు కేటాయిస్తున్నట్టు 2025 మేలో ప్రకటించారు. అంటే రాబోయే రోజుల్లో మీరు ఎక్కే బస్సు మారడం ఖాయం.

ఇక్కడే మీరు కళ్లు తెరిచి చూడాల్సింది ఒకటుంది. మీ రూట్‌లో తిరిగే 10 సిటీ ఆర్డినరీలు పోయి వాటి స్థానంలో 10 కరెంటు ఆర్డినరీలు వస్తే మీకు లాభమే. బస్సు కొత్తది, పొగ లేదు, ఉచితం అట్లాగే ఉంటుంది. కానీ ఆ 10 స్థానంలో 5 నాన్-ఏసీ, 5 ఏసీ వస్తే? పథకం రద్దు కాకపోయినా, కాగితం మీద ఏ నిబంధనా మారకపోయినా, మీకు ఉచితంగా దొరికే బస్సులు సగమవుతాయి. ఏసీ బస్సు కావాలనుకునే ప్రయాణికులూ ఉంటారు, వాళ్ల అవసరమూ నిజమే. ఏ రూట్‌లో ఏ రకం ఎన్ని నడపాలన్నది ఆర్టీసీ రద్దీని, డిమాండును చూసి నిర్ణయిస్తుంది. ఆ డిమాండు అధికారులకు తెలియాలంటే మీరు చెప్పాలి.

చెప్పే పద్ధతి ఇది:
• ఒక వారంపాటు రాసుకోండి. మీ స్టాపులో పొద్దున, సాయంత్రం ఉచితం ఉన్న బస్సులు ఎన్ని వచ్చాయి, టికెట్ బస్సులు ఎన్ని వచ్చాయి, ఎంతసేపు నిలబడ్డారు. కాగితం మీద గీతలు పెట్టుకున్నా చాలు.
• ఒక్కరు కాకుండా, మీ మహిళా సంఘం తరఫున నలుగురైదుగురు కలిసి డిపో మేనేజర్‌కు దరఖాస్తు ఇవ్వండి. రూట్ నంబరు, స్టాపు పేరు, టైము స్పష్టంగా రాయండి. అందినట్టు ముద్ర వేయించుకుని ఒక కాపీ దగ్గర ఉంచుకోండి.
• జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఆ కాపీ జతచేసి ఇవ్వండి.

"బస్సులు సరిగ్గా రావట్లేదు" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. "పొద్దున 6.30 నుంచి 7.30 మధ్య ఫలానా స్టాపులో ఉచిత బస్సు ఒక్కటే వస్తోంది, 40 మంది నిలబడుతున్నాం" అని రాస్తే దాని మీద పని చేయడానికి వీలుంటుంది.

11. కరెంటు బస్సులో జాగ్రత్తలు

• శబ్దం ఉండదు. స్టాపులో, రోడ్డు దాటేటప్పుడు చెవిని నమ్ముకోవద్దు. తల తిప్పి చూడండి. పిల్లలకు, చూపు తగ్గిన పెద్దలకు ఈ విషయం మరీ మరీ చెప్పండి.
• బస్సు ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. ఎక్కగానే రాడ్డు పట్టుకోండి. బిడ్డను ఎత్తుకున్నవాళ్లు, గర్భిణులు ముందు సీటు అడిగి కూర్చోండి.
• తలుపులు డ్రైవర్ బటన్ నొక్కితే మూసుకుంటాయి. మూసుకుంటున్న తలుపులో చెయ్యి గానీ, కొంగు గానీ, సంచి గానీ పెట్టొద్దు.
• ఎర్రటి పానిక్ బటన్ ఉన్న బస్సుల్లో, ఎవరైనా వేధిస్తే దాన్ని నొక్కండి. ఊరికే నొక్కి చూడొద్దు.
• వానలో షాక్ కొడుతుందన్న భయం వద్దు. బ్యాటరీ పెట్టెలను నీళ్లు చొరకుండా సీలు చేస్తారు.
• ఎప్పుడైనా పొగ, మాడిన వాసన వస్తే డ్రైవర్‌కు చెప్పి అందరూ దిగి దూరంగా నిలబడండి. సామాన్ల కోసం వెనక్కి వెళ్లొద్దు. బ్యాటరీ మంట మీద మీరు నీళ్లు పోయొద్దు. 101కు, లేదా 112కు ఫోన్ చేయండి.

12. ఇంకొన్ని ప్రశ్నలు

కరెంటు మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో కండక్టర్ టికెట్ కొనమంటే?
గొడవ పెట్టుకోవద్దు. "సార్, బోర్డు మీద మెట్రో ఎక్స్‌ప్రెస్ అని ఉంది, నా దగ్గర ఒరిజినల్ కార్డు ఉంది" అని చెప్పండి. ఒప్పుకోకపోతే బస్సు నంబరు, రూట్, టైము రాసుకుని, ఇచ్చిన టికెట్ దాచుకుని ఫిర్యాదు చేయండి.

డ్రైవర్ కంపెనీ మనిషి కదా, ఫిర్యాదు కంపెనీకి చేయాలా?
అవసరం లేదు. ఆర్టీసీకే చేయండి. కంపెనీతో మాట్లాడుకోవాల్సింది ఆర్టీసీ.

వేరే రాష్ట్రం ఆధార్ ఉన్నవాళ్లకు?
ఈ పథకం తెలంగాణ నివాసులకే. ఇక్కడికి వచ్చి స్థిరపడినవాళ్లు ముందు కార్డులో చిరునామా మార్పించుకోవాలి.

బస్సులన్నీ కరెంటువైపోతే ఉచితం ఎత్తేస్తారని అంటున్నారు, నిజమేనా?
కరెంటు బస్సులకూ, ఉచితానికీ ముడి లేదు. కరెంటు మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో 2024 మార్చి నుంచి జీరో టికెట్ ఇస్తూనే ఉన్నారు. ఇలాంటి మాట వాట్సాప్‌లో వస్తే అధికారిక ప్రకటన చూడకుండా ముందుకు పంపొద్దు.

13. గుర్తుంచుకోండి

• ఇంజను చూడొద్దు, రంగు చూడొద్దు. బోర్డు చదవండి.
• ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్: జీరో టికెట్. డీలక్స్, లగ్జరీ, ఏసీ, పుష్పక్, గరుడ: టికెట్.
• ఒరిజినల్ కార్డు చూపించండి, జీరో టికెట్ తీసుకోండి, దిగేదాకా దాచుకోండి.
• ఆపకుండా వెళ్లిన బస్సు నంబరు, టైము, స్టాపు పేరు రాసుకోండి.
• మీ రూట్‌లో ఉచిత బస్సులు తగ్గితే కలిసి అడగండి.

ఆర్టీసీ సమాచారం, ఫిర్యాదులకు: 040-69440000, 040-23450033.

ఈ పీడీఎఫ్‌ను మీ సంఘం గ్రూపులో, మీ బస్తీ గ్రూపులో పంపండి. ఫోను లేనివాళ్ల కోసం మూడో భాగం, పదమూడో భాగం ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అంగన్‌వాడీ కేంద్రం గోడకో, బస్టాపు దగ్గరి కిరాణా కొట్టుకో అడిగి అంటించండి.